ఉమ్మడి గోడ

ఒక గ్రంథాలయ వార్షికసభలో చేసిన ఉపన్యాసము

 

నేను వృత్తిచేత న్యాయవాదిని. తీరిక దొరకినపుడు పాతకట్టడములను కాపాడు ఉద్యమమున ఒక సామాన్య సేవకుడను. ఇరువది సంవత్సరములుగా కోర్టులలో నేను చూచిన తగవులలోనెల్ల మిక్కిలి మొండివి ఉమ్మడి గోడ తగవులు. ఎకరములకొలది మాగాణిని నవ్వుచు పంచుకొన్న అన్నదమ్ములు, జానెడు మందముగల గోడకడ వైరము పూని, జీవితాంతము పలుకరించుకొనక యుండుట నేనెఱుగుదును. ఇది నాదని యొకడు, కాదు నాదని వేఱొకడు. న్యాయస్థానము ఇది మీ యిరువురిదియునని తీర్పు చెప్పును. ఆ తీర్పు ఇరువురకును రుచింపదు. నేడు నేను ముచ్చటింపదలచినది అట్టి ఉమ్మడి గోడను గూర్చియే. అయితే ఆ గోడ మన యూరిది కాదు. అమెరికాలోని న్యూయార్కు నగరమునందలిది.

మన తెలుగుబిడ్డలు వేలకొలదిగా ఆ నగరపు పరిసరములలో స్థిరపడియున్నారు. నా చెల్లెలి కుటుంబము నచ్చటనే యున్నందున కొన్ని వారములు అక్కడ గడుపు అవకాశము నాకు కలిగినది. ఆ నగరమనగానే మనకు తోచునవి మేఘములనంటు మేడలు. నేనును మొదట వానినే తలయెత్తి చూచితిని. మెడ నొచ్చిన తరువాత తల దించితిని. అప్పుడు కనబడినవి మూడంతస్తుల, నాలుగంతస్తుల పాతయిండ్ల వరుసలు. వీథి యీ చివరనుండి ఆ చివరవఱకు ఒకే యెత్తు, ఒకే వరుస కిటికీలు, ప్రతి వాకిటికిని పైకెక్కు ఱాతిమెట్లు, ఇంటికిని ఇంటికిని నడుమ వ్రేలు దూర్చుటకైనను సందులేదు. మన యగ్రహారములలో అరుగును అరుగు తాకుచు సాగు ఇండ్లబారు నాకు జ్ఞప్తికి వచ్చినది. ఇంతటి విలువగల నేలమీద నూటయేబది, నూటయెనుబది యేండ్లనాటి యీ పొట్టియిండ్లు ఎట్లు నిలిచియున్నవి? ఎవరు నిలిపిరి? ఎవరికొఱకు నిలిపిరి? ఈ మూడు ప్రశ్నలకు నాకు తోచిన సమాధానములను మీ ముందుంచెదను.

మొదట ఈ యిండ్ల పుట్టుకను వినుడు. 1811వ సంవత్సరమున రాష్ట్ర ప్రభుత్వముచే నియమింపబడిన సంఘమువారు మన్‌హాటన్ దీవిలో అధికభాగమును చదరంగపు బల్లవలె వీథులుగా గీచిరి. ఆ గీతలను బట్టి 25 అడుగుల వెడల్పు, 100 అడుగుల పొడవుగల స్థలము వాడుకలోనికి వచ్చినది. 1825లో ఈరీ కాలువ పూర్తికాగా లోపలి దేశపు సరకులు ఆ రేవునకు ప్రవహింపసాగినవి. 1820లో సుమారు 1,23,000గా నున్న నగర జనసంఖ్య 1860 నాటికి 8,13,000 దాటినది. నలుబదియేండ్లలో ఆఱురెట్లు మించిన పెరుగుదల! ఈ జనమునకు ఇండ్లు కావలెను, స్థలమో సన్ననిది. కావున మేస్త్రీలును వర్తకులును వరుసగా నాలుగైదు స్థలములను కొని, ఇంటిని ఇంటికంటించి ఒకేసారి కట్టి, ఒక్కొక్కటిగా అమ్మసాగిరి. ఇవి రాజులు కట్టించిన సౌధములు కావు. లాభముకొఱకు కట్టి అమ్మిన సరకులు. వీనికి ప్రత్యేకముగా శిల్పాచార్యులు చాలచోట్ల లేరు. మినార్డ్ లఫీవర్ వంటివారు అచ్చొత్తించిన నమూనా గ్రంథములను ముందుంచుకొని మేస్త్రీలే ద్వారబంధములను, స్తంభములను చెక్కించిరి.

ఈ యింటి నిర్మాణములో నాకు ముఖ్యముగా తోచినది దాని ప్రక్కగోడ. దూలముల కొనలు రెండు ప్రక్కల గోడలలో దిగియుండును. ఒకే గోడలో ఈ వైపునుండి ఒక యింటి దూలములు, ఆ వైపునుండి పొరుగింటి దూలములు దిగుట అందు సామాన్యము. ఇటుకయు మిగులును, నేలయు మిగులును, నిప్పు అంటుకొన్నచో అడ్డుగను నుండును. అయితే యిందొక చిక్కు కలదు. ప్రక్కలకు కిటికీలు ఉండవు గనుక వెలుతురంతయు ముందువైపునుండియో వెనుకవైపునుండియో రావలెను. మఱియు నడుమనున్న యొక యింటిని పెఱికినచో ఇరుప్రక్కల యిండ్లకును ఊత సడలును. ఒంటియింటిని దాని యజమాని తన యిచ్చవచ్చినట్లు కూల్చుకొనవచ్చును. వరుసయింటిని కూల్చువాడు పొరుగువాని గోడనుగూడ కదల్చుచున్నాడు.

ఇంటి లోపలి యమరిక గూడ తెలిసికొనదగినది. వీథిమట్టమునకు కొంచెము దిగువగా వంటయిల్లు. దానిపైన, మెట్లెక్కిన తరువాత, అతిథులను కూర్చుండబెట్టు గదులు. ఆ మెట్లను వారు స్టూప్ అందురు; ఆ నగరమును మొదట స్థాపించిన డచ్చివారి భాషనుండి నిలిచిన మాట యది. అటుపైన పడకగదులు. అన్నిటికిని పైన, చూరుక్రింద, సేవకుల గదులు. కాలమునుబట్టి ముఖము మాఱినది. శతాబ్దారంభమున ఎఱ్ఱయిటుక, వాలుకప్పు, కప్పునుండి పొడుచుకొనివచ్చిన చిన్న కిటికీలు. 1830 ప్రాంతమున గ్రీకు దేవాలయముల ననుకరించిన స్తంభములతో వాకిళ్లు. 1850 తరువాత ఇటలీ పద్ధతి. ఆ కాలముననే బ్రౌన్‌స్టోన్ అను గోధుమవన్నె యిసుకఱాయి ప్రబలినది.

ఆ ఱాతికథ విచిత్రమైనది. చూచువారికి ఇల్లంతయు ఱాతికట్టడమే అనిపించును. నిజమునకు గోడ ఇటుకది. ముందు ముఖమున నాలుగైదంగుళముల ఱాతిపలక తొడుగు మాత్రమే. కనెక్టికట్ రాష్ట్రములోని పోర్ట్‌లండు గనులనుండి పడవలమీద ఆ ఱాయి విశేషముగా వచ్చెడిది. భూమిలో అది పుస్తకపు పుటలవలె పొరలుపొరలుగా పండుకొనియుండును. గోడలో గూడ పొరలు పండుకొనునట్లు అమర్చినచో చిరకాలము మన్నును. త్వరగా కట్టి త్వరగా అమ్మవలెనను వారు పొరలు నిలువుగా నుండునట్లు పలకలను నిలబెట్టిరి. పొరలసందున నీరు చేరి, శీతకాలమున గడ్డకట్టి ఉబ్బి, పుట వెంబడి పుటగా ఱాయి రాలిపోవుచున్నది. నేటి యజమానులు రంగు కలిపిన సిమెంటుతో ఆ గాయములను పూడ్పించుకొనుచున్నారు. తాతలు తొందరపడి మిగుల్చుకొన్న డబ్బును మనుమలు వడ్డితోసహా చెల్లించుచున్నారన్నమాట.

ఇక ఒక యింటిలోనికి పోదము. తూర్పు నాలుగవ వీథిలో 29వ సంఖ్యగల యిల్లు 1832లో పూర్తియైనది. జోసెఫ్ బ్రూస్టర్ అను టోపీల వర్తకుడు కట్టించెను. 1835లో సీబరీ ట్రెడ్‌వెల్ అను ఇనుపసామగ్రి వర్తకుడు కొని సకుటుంబముగా కాపురమునకు వచ్చెను. ఆయన సంతానము ఎనమండ్రు. కడగొట్టు కుమార్తె గర్ట్రూడ్ 1840లో ఆ యింటనే పుట్టి, అవివాహితగా నుండి, తొంబదియేండ్లు దాటిన ప్రాయమున 1933లో ఆ యింటనే కన్ను మూసినది. చుట్టును వీథి మాఱినది. ధనికులు ఉత్తరదిక్కునకు తరలిపోయిరి. గిడ్డంగులును కార్ఖానాలును చేరినవి. ఆమె మాత్రము తండ్రినాటి కుర్చీలను, తెరలను, దీపములను కదల్పక కాపాడినది. ఆమె యనంతరము ఇల్లు వేలమునకు పోవలసియుండగా జార్జి చాప్‌మన్ అను దూరపు బంధువు కొని, 1936లో ప్రదర్శనశాలగా తెఱపించెను. ఒక వర్తక కుటుంబపు సామగ్రి ఆ కుటుంబపు యింటనే యిట్లు నిలుచుట ఆ నగరమున మిక్కిలి అరుదు.

ఆ యింట నన్ను నిలిపివేసినది అతిథుల గదిలోని నునుపైన మేజాబల్లలు కాదు, వంటయింటి గోడమీది పిలుపుగంటలు. గంట మ్రోగగానే ఐర్లండునుండి వలసవచ్చిన పడుచులు బొగ్గును, నీళ్లను, పళ్లెములను మోసికొని పైకెక్కవలెను. రాత్రి చూరుక్రింది గదులలో నిద్రింపవలెను. కఱవుచేతను పరప్రభుత్వపు నిర్లక్ష్యముచేతను స్వదేశమును వీడిన జాతివారు వారు. వర్తకుని పేరు ఇంటికి నిలిచినది. మెట్లు అరుగునట్లు నడచినవారి పేర్లు చాలవఱకు నిలువలేదు. నేడా యింటిని చూపువారు సేవకుల గదులనుగూడ చూపుచున్నారు, వారి కథను గూడ చెప్పుచున్నారు. ఇది మెచ్చదగిన మార్పు.

ఈ యిల్లును వరుసలోనిదే. నేడు వరుస చెదరి, ప్రక్కలు ఖాళీపడినది. పశ్చిమమున ఎనిమిదంతస్తుల హోటలు కట్టవలెనని స్థలయజమాని తలపెట్టగా, 2014లో నగరపు సంరక్షణ సంఘము నమూనాకు అనుమతించినది. పునాదులు త్రవ్వినచో తమ యింటి సున్నపుపనులు పగులునని ప్రదర్శనశాలవారు మొఱపెట్టుకొనిరి. 2018లో నగరసభ దానికి కావలసిన మార్పును నిరాకరించినది. అటుపిమ్మటను వివాదము అణగలేదు. శాసనమువలన ఇంటికి రక్షణ లభించినను, పొరుగుస్థలమున పడు గునపపు పోటునకు ఇల్లు ఇంకను వణకుచునే యున్నదని గ్రహింపుడు.

ఆ శాసనమును గూర్చి న్యాయవాదిగా నాలుగు మాటలు చెప్పక తప్పదు. ఒకరి యాస్తిని కూల్పవలదనుటకు ప్రభుత్వమునకేమి అధికారము? అమెరికా రాజ్యాంగము పరిహారమియ్యక ఆస్తిని పుచ్చుకొనుటను నిషేధించును. అందుచేత చాలకాలము పాతకట్టడముల నభిమానించువారు బ్రతిమాలుటయే కాని ఆజ్ఞాపించుట లేకుండెను. ఆల్బర్ట్ బార్డ్ అను వృద్ధ న్యాయవాది పట్టుదలవలన 1956లో న్యూయార్కు రాష్ట్రపు చట్టమొకటి వెలువడినది. చరిత్రను, సౌందర్యమును బట్టి కట్టడములను కాపాడు నియమములను చేయుటకు అది నగరములకు అధికారమిచ్చినది. అయినను నగరము తొమ్మిదేండ్లు ఆ యధికారమును వినియోగింపక కూర్చున్నది. 1963లో పెన్సిల్వేనియా రైలుస్టేషను అను మహాకట్టడమును కూల్ప మొదలిడగా ప్రజలకు కనువిప్పు కలిగినది. 1965 ఏప్రిల్ 19వ తేదీన మేయరు రాబర్ట్ వాగ్నర్ సంరక్షణ శాసనముమీద సంతకము చేసెను.

ఆ కనువిప్పునకు ముందే, ఏటికావలనున్న బ్రూక్లిన్ హైట్సు పేటలో కొందఱు సామాన్యులు పని ప్రారంభించియుండిరి. 1814లో ఆవిరిపడవ నడచినప్పటినుండి పెరిగిన పేట యది. 1860కి పూర్వపు ఇండ్లు ఆఱువందలకు పైగా అచ్చట మిగిలియుండెను. 1958లో ఆటిస్ పియర్‌సాల్ అను యువ న్యాయవాదియు, ఆయన భార్య నాన్సీయు, ఇరుగుపొరుగువారును కూడి, ఒక్కొక్క యింటిని కాక మొత్తము పేటనే కాపాడవలెనని కోరిరి. క్లే లంకాస్టర్ అను చరిత్రకారుడు వీథివీథి తిరిగి ఇంటింటి కాలమును నిర్ణయించి 1961లో గ్రంథముగా ప్రకటించెను. ఫలముగా 1965 నవంబరులో ఆ పేట నగరపు మొట్టమొదటి చారిత్రక మండలముగా ప్రకటింపబడినది. జీతము లేదు, పదవి లేదు. సాయంకాలములు సమావేశములు, ఆదివారములు అర్జీల వ్రాత. మన సేవకులు ఈ విషయమును మనసున నుంచుకొనవలెను. ఆవేశముతో నొక దినము ఊరేగుట సులభము. ఏడేండ్లు ఇండ్ల పట్టికలు వ్రాయుట కష్టము. పేటను నిలిపినది ఆ పట్టికలే.

ఆస్తిహక్కు ప్రశ్న చివరకు సుప్రీముకోర్టునకు ఎక్కినది. గ్రాండ్ సెంట్రల్ స్టేషనుమీద ఏబది యంతస్తులకు మించిన మేడ కట్టనీయలేదని దాని యజమానులైన రైల్వేకంపెనీవారు దావా తెచ్చిరి. 1978లో ఆర్గురు న్యాయమూర్తులు నగరము పక్షమునను, మువ్వురు ప్రతికూలముగను తీర్పు చెప్పిరి. స్టేషను ఎప్పటివలెనే నడచుచు న్యాయమైన ఆదాయము తెచ్చుచుండగా, పైన కట్టనీయలేదన్నంతమాత్రమున ఆస్తిని పుచ్చుకొన్నట్లు కాదనుట ఆ తీర్పు సారాంశము. నేడా నగరమున 37,000కు పైగా కట్టడములు ఈ శాసనపు నీడను నిలిచియున్నవి. వానిలో వరుసయిండ్లు విస్తారము.

మువ్వురు న్యాయమూర్తుల భిన్నాభిప్రాయమును నేను తేలికగా త్రోసివేయను. ఊరి యానందమునకై ఒక్కని నెత్తిన భారము మోపుట న్యాయమా అను ప్రశ్న గట్టిది. స్టేషను విషయమున ఆ ప్రశ్నకు బలమున్నది. వరుసయిండ్ల విషయమున మాత్రము సమాధానము గోడలోనే యున్నది. నీ యింటి ముఖము చెడనందువలన నా యింటి విలువ నిలుచుచున్నది; నా యింటి ముఖము చెడనందువలన నీది. భారము అందఱిదియు, లాభము అందఱిదియు. ఉమ్మడి గోడకు పూర్వమునుండియు న్యాయశాస్త్రమంగీకరించిన ధర్మమునే చారిత్రక మండలము వీథి పొడవునకు సాగదీసినది.

అయితే కాపాడుటయనగా అచ్చుగ్రుద్దినట్లు అనుకరించుటయా? ఇందుకు పడమర పదునొకండవ వీథిలోని 18వ సంఖ్య ఇల్లు తార్కాణము. 1840 ప్రాంతపు గ్రీకు పద్ధతి వరుసలోని దాయిల్లు. 1970 మార్చి 6వ తేదీన, వియత్నాము యుద్ధమును నిరసించి హింసామార్గము పట్టిన యువకులు కొందఱు దాని నేలమాళిగలో బాంబులు తయారు చేయుచుండగా ప్రేలి, వారిలో మువ్వురు మరణించిరి. ఇల్లు నేలమట్టమైనది; పొరుగింటి గోడయు బ్రద్దలైనది. పూర్వపు ముఖమునే తిరిగి కట్టవలెనని కొందఱు, క్రొత్తగా కట్టవలెనని కొందఱు వాదించిరి. వాస్తుశిల్పి హ్యూ హార్డీ గీచిన నమూనాలో ఎత్తును, కప్పువరుసయు, ఇటుకయు పొరుగిండ్లవే; నడుమ అంతస్తులు మాత్రము కోణముగా తిరిగి వీథిలోనికి పొడుచుకొనివచ్చును. సంరక్షణ సంఘము చర్చించి సమ్మతించినది; 1978 నాటికి ఇల్లు పూర్తియైనది. ఇచ్చట ఏదియో జరిగినదని ఆ మలుపు నేటికిని చెప్పుచున్నది. వరుస చెడలేదు, అబద్ధమును ఆడలేదు. గతమును గౌరవించుటకు ఇదియు నొక మార్గమే.

ఇక మూడవ ప్రశ్న: ఎవరికొఱకు? దీనికై హార్లెమునకు పోవలెను. 138, 139 వీథులలో 1891 మొదలు 1893 వఱకు డేవిడ్ కింగ్ అను నిర్మాత 146 వరుసయిండ్లను పేరుపొందిన వాస్తుశిల్పులచే గీయించి కట్టించెను. ధనికులైన తెల్లవారికొఱకు కట్టినవి. అమ్మకములు సాగక, ఆర్థికసంక్షోభము తోడై, చాల యిండ్లు అప్పిచ్చిన భీమాకంపెనీ వశమైనవి. ఇండ్లు ఖాళీగానైనను ఉంచిరి కాని నల్లవారికి పాతికేండ్లవఱకు అమ్మలేదు. 1919 తరువాతనే ఆ తలుపులు వారికి తెఱచుకొన్నవి. వైద్యులు, న్యాయవాదులు, సంగీతవిద్వాంసులు, రైలుబండ్ల సేవకులు కష్టార్జితముతో కొని, గదులు అద్దెకిచ్చియైనను అప్పు తీర్చుకొనిరి. పాటుపడువారి వరుస యను నర్థముగల స్ట్రైవర్స్ రో అను పేరు అందుచే నిలిచినది. గీతకర్త డబ్ల్యు. సి. హాండీయు, ఆ రాష్ట్రమున వాస్తుశిల్పిగా పట్టము పొందిన మొదటి నల్లవాడు వెర్ట్‌నర్ టాండీయు అచ్చట నివసించిరి. గుఱ్ఱములను నడిపించుకొని పొమ్మను హెచ్చరిక ఆ సందుల స్తంభములమీద నేటికిని చదువవచ్చును. 1967లో ఆ వరుస చారిత్రక మండలమైనది.

సోదరులారా! ఎవరిని వాకిట నిలువనీయలేదో, వారే ఆ వాకిళ్లను తుడిచి, కడిగి, రంగువేసి, మన కాలమువఱకు తెచ్చిరి. పుట్టుకను బట్టి మనుష్యుని వీథికి వెలుపల నుంచిన పాపము మన దేశమునకు క్రొత్తది కాదు గనుక, ఈ కథ చెప్పునపుడు వేలెత్తి వారిని చూపుటకు నాకు నోరాడదు. మన పాతవీథులను మనము కాపాడదలచినపుడు, ఏ వీథిలో ఎవరిని నడువనీయలేదో ఆ మాటను గూడ శిలాఫలకముపై వ్రాయవలెనని మాత్రము మనవిచేయుచున్నాను.

కథ ఇచ్చటితో ముగిసియుండినచో బాగుండెడిది. ఇండ్లు నిలిచినవి; వాని వెలలు గూడ పెరిగినవి. ఆర్థికమాంద్యపు దినములలో గదులుగదులుగా చీల్చి పేదలకు అద్దెకిచ్చిన బ్రూక్లిన్, హార్లెము ఇండ్లను 1960 తరువాత చదువుకొన్న కుటుంబములు కొని బాగుచేసికొనిరి. వారి శ్రమ నిజమైనది. గదులు ఖాళీచేసి వెళ్లినవారి కష్టమును నిజమైనదే. నేడు ఆ యిండ్లు కోటీశ్వరులకు గాని అందవు. కోణమును, కిటికీని, ఱాతిమెట్టును పరీక్షించు శాసనము ఆ మెట్లమీద కూర్చుండువాడెవడని అడుగదు. అడుగు నధికారమును దానికి లేదు. నా యుద్దేశమున ఇది ఆ శాసనపు దోషము కాదు, కొఱత. దోషమైనచో రద్దుచేయవలెను, కొఱతయైనచో పూరింపవలెను. అద్దెకున్నవారిని కాపాడు చట్టములు పక్కను నిలువనిదే ఇండ్లను కాపాడు చట్టము సగము ధర్మమును మాత్రమే నెఱవేర్చును.

కావున నా మనవి యింతే. మన పట్టణములలోను మండువాయిండ్లు, మిద్దెలు, పాతబజారుల అంగళ్లవరుసలు దినదినము కూలుచున్నవి. వానిని గూర్చి కన్నీరు కార్చుటకు ముందు ఒక పట్టిక వ్రాయుదము. ఏ యిల్లు ఎప్పుడు కట్టిరి, ఎవరు కట్టిరి, ఎవరు మోసిరి, ఇప్పుడెవరుందురు? ఈ గ్రంథాలయపు బల్లమీద నేటి సాయంకాలమే ఆ పుస్తకమును తెఱువవచ్చును. మొదటి పుటలో మా వీథిని వ్రాయు భారము నాది. మా పొరుగువారికిని నాకును ఉమ్మడి గోడను గూర్చి కొంతకాలముగా మాటలు లేవు. ఆ యిల్లు ఎప్పుడు కట్టిరో తెలియవలెనన్నచో ఆ తలుపు తట్టక తప్పదు. రేపు ప్రొద్దున తట్టెదను.